అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కేజన్ ఫ్రెంచ్‌ని జనం ఎలా కాపాడుకుంటున్నారు?

1755 నుంచి బ్రిటిష్‌వాళ్లు నోవా స్కోషియా (నేటి కెనడాలోనిది) ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన, ఫ్రెంచ్ మాట్లాడే అకేడియన్లలో కొందరు లూసియానా చేరారు. కేజన్లు ప్రధానంగా వాళ్ల సంతతే. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషే ఉండాలంది. ఫ్రెంచ్ మాట్లాడి దెబ్బలు తిన్న పిల్లలు, పెద్దయ్యాక తమ బిడ్డలకు ఆ భాష నేర్పలేదు. అసలు గండి అక్కడే పడింది.

1968లో ఏర్పడిన కోడోఫిల్ అనే ప్రభుత్వ సంస్థ ఫ్రాన్స్, బెల్జియం, క్యూబెక్‌ల నుంచి టీచర్లను రప్పించింది. దాంతో పిల్లలకు పుస్తకాల ఫ్రెంచ్ వచ్చింది గానీ ఇంట్లో అవ్వాతాతల మాట రాలేదు. ఈ విమర్శ న్యాయమైనదే. తర్వాత లెక్కలు, సైన్సు కూడా ఫ్రెంచ్‌లోనే చెప్పే ఇమ్మర్షన్ తరగతులు పెరిగాయి. 2013 చట్టం ప్రకారం కనీసం 25 మంది పిల్లల తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే, మిగతా షరతులు కుదిరినచోట స్కూలు బోర్డు ఇలాంటి తరగతి పెట్టాలి. అంటే సంతకాల సేకరణే మొదటి పని.

సంగీతానికి ఇంత కష్టం లేదు. 1974లో లఫయెట్‌లో జరిగిన కేజన్ సంగీత కచేరీ క్రమంగా ఏటేటా జరిగే పండగైంది.

పెద్దల మాటలు రికార్డు చేసేవాళ్లు ఎంపీ3 బదులు ధ్వనిని కుదించని వావ్ ఫైలు (48 కిలోహెర్ట్జ్, 24 బిట్) వాడాలి. ఫ్యాన్, టీవీ ఆపాలి. పేరు, ఊరు, తేదీ, అనుమతి సంతకం అప్పుడే తీసుకోవాలి. మనిషి పోయాక అనుమతి అడగడానికి ఎవరూ ఉండరు, ఆర్కైవ్‌లో పెట్టినా బయటికివ్వడం కష్టం.