రాత్రంతా కరెంటు లేకపోతే కుక్క ఇన్సులిన్ పారేయాలా?

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి నా టెన్షనే గుర్తొచ్చింది. మీ కుక్కకి షుగర్ అని వారం కిందట తేలింది, డాక్టర్ గారు పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ రాసిచ్చారు, నిన్న రాత్రి ఆరు గంటలు కరెంటు లేదు, ఇప్పుడా సీసా పనికొస్తుందా, దాన్ని కుదపాలా దొర్లించాలా, పొద్దున హడావిడి లేకుండా రాత్రే సిరంజిలోకి తీసి పెట్టుకోవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా జూలీకి, అంటే పదేళ్లు దాటిన పన్నెండు కిలోల ఆడకుక్కకి, మూడేళ్లుగా రెండు పూటలా నేనే సూది వేస్తున్నాను. లెక్కేస్తే రెండు వేల పైచిలుకు సూదులు. అందులో ఒక పెద్ద తప్పు కూడా ఉంది, అదే ఎక్కువగా చెప్తాను.

ముందు కరెంటు సంగతి. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా గది వేడికి వస్తుంది. ఆ మాత్రానికి ఇన్సులిన్ చెడిపోయినట్టు కాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమనేది అది ఎక్కువ కాలం నిలవ ఉండడానికి. మనుషుల కోసం చేసే రకాల్లో చాలావాటిని, వాడడం మొదలుపెట్టాక, 25 లేదా 30 డిగ్రీల లోపు బయటే నాలుగు వారాల దాకా ఉంచుకోవచ్చని వాటితో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. పశువుల డాక్టర్లు రాసే రకాలకి తెరిచాక కూడా ఫ్రిజ్‌లోనే పెట్టమని ఉండొచ్చు, అందుకే మీ పెట్టెలో ఉన్న కాగితం చదవండి, డాక్టర్ గారికి ఒక ఫోన్ చేసి ఎన్ని గంటలు, గది ఎంత వేడిగా ఉంది అనేది చెప్పండి. ఒక్క రాత్రికే పారేయమనడం అరుదు. ఎండలో ఆపిన కారులో మర్చిపోయినా, కిటికీ పక్కన ఎండ పడేచోట ఉండిపోయినా అది వేరే కథ, దాన్ని నేనైతే వాడను.

అసలు భయపడాల్సింది చల్లదనానికి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండో ఏడు ఎండలు ముదిరాయని, ఇన్సులిన్ ఇంకా భద్రంగా ఉండాలని, ఫ్రిజ్‌లో పై అరలో బాగా వెనక్కి, గోడకి ఆనించి పెట్టాను. నా తెలివితేటలు చూసి నేనే మురిసిపోయాను కూడా. పది రోజులకి జూలీ నీళ్ల గిన్నె రోజుకి మూడుసార్లు ఖాళీ అవడం మొదలైంది. రాత్రి రెండింటికి లేపి బయటికి తీసుకెళ్లమనేది, ఒక్కోసారి నేను లేచేలోపే గుమ్మం దగ్గరే పోసేసేది, పోసి తప్పు చేసినట్టు మూల నక్కేది. డాక్టర్ గారికి చూపిస్తే షుగర్ బాగా పెరిగిందని డోసు ఆరు యూనిట్ల నుంచి ఏడుకి, తర్వాత ఎనిమిదికి పెంచారు. అయినా తగ్గలేదు. ఇంతలో ఆ వయల్ (మందు సీసా) గడువు అయిపోయింది, కొత్తది తెరిచాను, అదే ఎనిమిది యూనిట్లు వేశాను.

నాలుగు గంటలయ్యేసరికి హాల్లో నడుస్తూ గోడకి కొట్టుకుంది. వెనక కాళ్లు తూలుతున్నాయి, పిలిస్తే నా వైపు కాకుండా నా పక్కకి చూస్తోంది. మీటర్‌లో షుగర్ 52, అంటే బాగా పడిపోయింది. నా గుండె గుభేలుమంది. గ్లూకోజ్ పొడి కాస్త నీళ్లతో తడిపి చిగుళ్లకి రాస్తూ కూర్చున్నాను, కొన్ని నిమిషాలకి మూతి నాక్కోవడం మొదలుపెట్టింది, లేచి నిలబడ్డాక అన్నం పెట్టి డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన అంతా విని ఒకటే అడిగారు: పాత సీసా ఎక్కడ పెట్టేవారు?

ఇంటికొచ్చి చెత్తబుట్టలోంచి ఆ వయల్ తీసి కిటికీ దగ్గర వెలుతురులో దొర్లించాను. అరచేతుల్లో ఎంత తిప్పినా కలవట్లేదు. పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు గాజుకి లోపల అంటుకుని ఉన్నాయి, సీసా మెడ దగ్గర బూజు పట్టినట్టు ఒక పొర. అదే అరలో వెనక ఉన్న నీళ్ల సీసాలో ఐసు తేలుతోంది. అంటే ఇన్సులిన్ గడ్డకట్టి, మళ్లీ కరిగి, అలా ఎన్నిసార్లు జరిగిందో ఏమో. పొద్దున్నే ఆరింటికి వంటింట్లో లైటు కూడా వేయకుండా, సగం నిద్రలో మందు తీసే నాకు అవేవీ కనిపించలేదు. చచ్చిన ఇన్సులిన్‌కి డోసు పెంచుకుంటూ పోయాం, కొత్తది దాని పూర్తి బలంతో వచ్చేసరికి ఆ డోసు ఎక్కువైపోయింది.

అందుకే చెప్తున్నాను, అన్నీ మామూలుగా ఉండి షుగర్ ఉన్నట్టుండి ఎక్కితే, డోసు గురించి మాట్లాడేముందు వయల్‌ని అనుమానించండి. అది తెరిచి ఎన్నాళ్లయింది, ఎక్కడ ఉంది, గడ్డకట్టే అవకాశం ఉందా అని డాక్టర్ గారికి మీరే ముందు చెప్పండి, వాళ్లకి అడగాలని తట్టకపోవచ్చు. పాత వయల్ మీద డోసు పెరిగి ఉంటే కొత్తది తెరిచే రోజు కూడా చెప్పండి. ఒకసారి గడ్డకట్టిందని తెలిస్తే కరిగాక బాగానే కనిపించినా పారేయాల్సిందే. నీళ్లలా తేటగా ఉండే గ్లార్జిన్ లాంటి రకాలతో ఇంకో చిక్కు, చెడిపోయినా కంటికి ఏమీ తెలియకపోవచ్చు.

ఎక్కడ పెట్టాలి అంటే, తలుపులో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది అని చాలామంది అంటారు. మధ్య అరలో ముందు వైపు పెట్టడం మంచిదే. కానీ మా ఫ్రిజ్ వెనక గోడ చేసిన నిర్వాకం చూశాక నేను మాత్రం తలుపులోనే పెడుతున్నాను, దాని అట్టపెట్టెలోనే (వెలుతురు తగలకూడదు), నిలువుగా, పక్కన ఒక చిన్న థర్మామీటర్‌తో. రెండేళ్లుగా అది 4కీ 7కీ మధ్యే తిరుగుతోంది. థర్మామీటర్ లేకుండా ఏ అర మంచిదో వాదించుకోవడం దండగ, ఒక్కో ఫ్రిజ్ ఒక్కో రకం.

ఇక కుదపడం. ఇక్కడ నెట్‌లో దొరికే సలహాలు మనుషుల్ని పిచ్చెక్కిస్తాయి, ఎందుకంటే రెండూ నిజమే, వేర్వేరు మందులకి. ఎన్‌పీహెచ్ రకం (మనుషుల కోసం చేసే తెల్లటి ఇన్సులిన్) అయితే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, తలకిందులు చేసి, మళ్లీ దొర్లించాలి, గట్టిగా కుదిపితే నురుగు వస్తుంది, మందూ దెబ్బతింటుంది. పశువుల డాక్టర్లు రాసే ప్రోజింక్ కూడా మెల్లగా దొర్లించేదే. కానీ పశువుల కోసమే చేసే వెట్సులిన్, కొన్ని దేశాల్లో కానిన్సులిన్ అని అమ్మేది, దాని కాగితంలో మాత్రం అంతా ఒకేలా పాలలా అయ్యేదాకా బాగా కుదపమనీ, నురుగు తగ్గాక తీసుకోమనీ ఉంటుంది. కాబట్టి పెట్టె మీద పేరు చూసి దాని కాగితం చెప్పినట్టే చేయండి. ఏదైనా సరే కలపకుండా మాత్రం తీయకండి. తెల్లటి మందు అడుగుకి దిగిపోతుంది, కలపకుండా తీస్తే ఒకరోజు పలచటి నీళ్లు వెళ్తాయి, సీసా చివరికొచ్చేసరికి చిక్కటిది వెళ్తుంది, కుక్క షుగర్ ఎందుకు ఇలా ఊగుతోందని మనం తల పట్టుకుంటాం.

అన్నట్టు, వెట్సులిన్ పంది నుంచి తీసే ఇన్సులిన్. పంది ఇన్సులిన్‌కీ కుక్క ఇన్సులిన్‌కీ అణువులో తేడా లేదు, మనిషిదే ఒక్క అమైనో ఆమ్లం తేడా. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఈ మందుని కనిపెట్టింది కుక్కల మీద ప్రయోగాలతోనే. అప్పుడు వాటి పుణ్యాన మనుషులు బతికారు, ఇప్పుడు మనం రెండు పూటలా లేచి సూది వేయడం పెద్ద కష్టమేమీ కాదు అని తెల్లవారుజామున నాకు నేనే చెప్పుకుంటుంటాను.

సిరంజి విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. వెట్సులిన్, ప్రోజింక్ లాంటివి మిల్లీలీటరుకి 40 యూనిట్లు, మనుషుల ఇన్సులిన్లు చాలావరకు 100. సిరంజిలూ అలాగే యూ-40, యూ-100 అని రెండు రకాలు. సాధారణంగా యూ-40కి ఎర్ర మూత, యూ-100కి నారింజ మూత ఉంటాయి, కానీ రంగుని నమ్మకుండా సిరంజి మీద రాసింది చదవండి. 100 రకం మందుని యూ-40 సిరంజిలో ఆరు గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది పదిహేను యూనిట్లు. అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. వయల్ మీద ఎంత రాసుందో సిరంజి మీదా అదే ఉండాలి. మందుల షాపులో ఇంకోటి ఇచ్చి ఇదైనా పర్లేదండీ అంటే తీసుకోకండి.

రాత్రే సిరంజి నింపి పెట్టుకోవడం డాక్టర్ చెప్తే తప్ప చేయకండి. సిరంజి లోపల కూడా మందు దిగిపోతుంది, అంత సన్నటి గొట్టంలో దాన్ని మళ్లీ సరిగ్గా కలపడం కష్టం. పొద్దున తీయడానికి నిజానికి అర నిమిషం కూడా పట్టదు, మొదటి నెలే చేతులు వణుకుతాయి. బుడగలు వస్తే సూది పైకి పెట్టి వేలితో కొట్టి బయటికి పంపండి. చర్మం కింద చేరిన చిన్న బుడగ ప్రమాదం కాదు, కానీ అది ఆక్రమించిన జాగా మేర డోసు తగ్గిపోతుంది. చల్లటి మందు గుచ్చుకుంటే ఉలిక్కిపడుతుందని అనిపిస్తే నింపిన సిరంజిని ఒక నిమిషం గుప్పిట్లో పట్టుకోండి, వేడినీళ్లలో పెట్టడాలూ మైక్రోవేవ్‌లూ వద్దు.

తిన్నాకే సూది. ఎప్పుడూ మెడ మీదే వేయకుండా రెండు పక్కలా చోటు మారుస్తుండండి, ఒకేచోట వేస్తే చర్మం గట్టిపడి మందు సరిగ్గా ఎక్కదు. వేశాక బొచ్చు మీద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉండి ఆస్పత్రి వాసన వస్తే (ఇన్సులిన్‌లో కలిపే ప్రిజర్వేటివ్ వాసన అది, ఒకసారి చూస్తే మర్చిపోరు) మందు బయటికి పోయినట్టే. అప్పుడు మళ్లీ వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. ఎంత లోపలికి వెళ్లిందో మనకి తెలియదు, ఒక పూట షుగర్ ఎక్కువున్నా తట్టుకుంటుంది కానీ పడిపోతే తట్టుకోలేదు. తినకపోయినా, తిన్నది కక్కేసినా మామూలు డోసు వేసేయకుండా ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఇంకొకటి, మా ఆయన ఒకరోజు నేను వేయలేదేమో అనుకుని వేయబోయారు, చివరి క్షణంలో చూశాను. అప్పటినుంచి ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించాం, సూది వేసినవాళ్లు అక్కడే టిక్కు పెట్టాలి, టిక్కు లేకపోతే కూడా అడిగే వేయాలి.

తెరిచిన తారీఖు వయల్ మీదే పెన్నుతో రాయండి. వెట్సులిన్‌కి తెరిచాక 42 రోజులు అని ఉంటుంది, మిగతావాటికి వేరే లెక్కలు. మందు మిగిలిందని ఇంకో నెల లాగేవాళ్లు చాలామంది ఉన్నారు, పారబోయాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, కానీ డాక్టర్‌కి చెప్పి చేయండి. ఒక వయల్ ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి. మాది ఒకటి ఆదివారం రాత్రి నేలమీద పడి పగిలింది, అంతకంటే చెప్పక్కర్లేదు.

ప్రయాణంలో ఐసు ప్యాక్ వయల్‌కి నేరుగా తగలకూడదు, మళ్లీ గడ్డకట్టే గొడవే. టవల్‌లో చుట్టి, వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్క్‌లో పెడితే చాలు. విమానమైతే చేతి సంచిలోనే, కింద లగేజీలో వేయకండి. వాడిన సూదులు దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆస్పత్రిలోనో మందుల షాపులోనో తీసుకుంటారేమో అడగండి. ఒక సూదిని రెండోసారి వాడకండి, మొన బండబారుతుంది, కుక్కకి నొప్పి.

గ్లూకోజ్ పొడి గానీ తేనె గానీ చేతికి అందేచోట ఉంచండి. వణకడం, తూలడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే చిగుళ్లకి రాయండి, ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టకుండా, ఏదీ పోయకుండా, పెదవి లోపలివైపు మాత్రం రాసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. షుగర్ ఫ్రీ అని రాసున్నవి ఏవీ వద్దు, వాటిలో కొన్నింట్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకి విషం.

మీ సీసా సంగతికి వస్తే, ఇప్పుడే తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. మీ మందు కాగితం చెప్పినట్టు కలిపాక పలుకులూ ముద్దలూ లేకుండా, గాజుకి ఏమీ అంటకుండా, అంతా ఒకేలా తెల్లగా ఉంటే, డాక్టర్ గారు సరేనన్నాక ఈ పూటకి మామూలు డోసే వేయండి. తర్వాత నాలుగైదు రోజులు నీళ్లు కొలిచి పోసి, రాత్రికి ఎన్ని మిగిలాయో రాసుకోండి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే మీటర్ కంటే ముందు గిన్నే చెప్పేస్తుంది. మీరు వాడే ఇన్సులిన్ పేరు, సిరంజి మీద ఏం రాసుందో కింద రాయండి, కుదపాలో దొర్లించాలో చూసి చెప్తాను.