కూకట్‌పల్లి ఫ్లాటు, న్యూజెర్సీ ఓనరు

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో, గుళ్ళో ప్రసాదం తింటుంటే, ఇక్కడికొచ్చి రెండేళ్ళయినా నిండని కుర్రాడొకడు అడిగాడు. "అన్నా, నిజాంపేటలో ఫ్లాటు కొని అద్దెకిద్దామనుకుంటున్నా. మా మావయ్య అక్కడే ఉంటాడు, చూసుకుంటాడు. ఇంకేమన్నా చూసుకోవాలా?" ముందు మావయ్య సంగతే చూసుకోవాలన్నాను. నవ్వాడు. నేనేమీ సరదాకి అనలేదు.

మా కూకట్‌పల్లి ఫ్లాటుని ఆరేళ్ళపాటు మా బావ చూశాడు. ఐదేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ఆరో ఏడు జూన్‌లో ఒకరోజు తెల్లవారుజామున రెండున్నరకి వాచ్‌మన్ ఫోన్ నుంచి వాట్సాప్‌లో వీడియో వచ్చింది. మా కింద ఫ్లాటు వాళ్ళ బాత్రూమ్ సీలింగ్. పెయింటు పొట్టు లేచిపోయింది, మధ్యలో పళ్ళెమంత టీ రంగు మరక. దాని అంచున ఒక నీటి చుక్క వేలాడుతోంది, పడదు. వెనకనుంచి ఎవరో ఆవిడ, "అమెరికా ఆయనకి చూపించు, సరిగ్గా చూపించు" అంటోంది.

బావకి ఫోన్ చేస్తే పెళ్ళిలో ఉన్నాడు. రేపు వెళ్తానన్నాడు. ఆ రేపు ఐదు వారాలకి వచ్చింది. అలాగని ఆయన్ని అనడానికి లేదు. ఉద్యోగం, బీపీ, బీరంగూడ నుంచి కూకట్‌పల్లి దాకా ఆ ట్రాఫిక్. పైగా నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోడు, ఇస్తానంటే చిన్నబుచ్చుకుంటాడు. ఊరికే పని చేసిపెట్టే మనిషిని ఎందుకు ఆలస్యమైందని ఎలా నిలదీస్తాం? అడగలేక నేను, చెప్పలేక ఆయన, మధ్యలో మా అక్కయ్య. సీలింగ్ మరక పోయినా ఆ మరక పోవడానికి ఏడాది పట్టింది.

మొదట వచ్చిన ప్లంబర్, బాత్రూమ్ ఫ్లోరంతా పగలగొట్టాలి, అరవై వేలవుతుందన్నాడు. రెండో ఆయన పెద్దాయన. నహానీ ట్రాప్‌కి, అంటే బాత్రూమ్ నేలలో నీళ్ళు పోయే చోట, గుడ్డ కుక్కి, రెండంగుళాల ఎత్తు నీళ్ళు నింపి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. మర్నాటికి కింద ఒక్క చుక్క లేదు. గుడ్డ తీశాడు, అరగంటలో చుక్క పడింది. అంటే టైల్స్ బాగానే ఉన్నాయి, ట్రాప్ కింద పైపు జాయింటే పోయింది. మొత్తం 7,500లో తేలింది. దూరాన ఉన్నవాళ్ళకి ఎవరైనా పెద్ద ఎస్టిమేట్ చెప్తే, నీళ్ళు నింపి చూశారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలామంది గొంతు మారుతుంది.

ఇప్పుడు మా ఫ్లాటు చూసే ఆయనకి నెలకి 2,500 ఇస్తాను, వెళ్ళినప్పుడల్లా పెట్రోలు వేరు. మూడు నెలలకోసారి లోపలికెళ్ళి సింకు కింద, గీజర్ దగ్గర, బాల్కనీ గోడలు వీడియో తీస్తాడు. టెనెంటు మారేటప్పుడు కరెంటు మీటర్ రీడింగ్ కనపడేలా ఫొటో తీస్తాడు. కనెక్షన్ మన పేరు మీదే కదా, వాళ్ళు ఎగ్గొట్టిన బిల్లు మన నెత్తినే పడుతుంది. అద్దెలో ఇంత శాతమని తీసుకుని ఇవన్నీ చూసే కంపెనీలూ ఉన్నాయి, మనిషి దొరక్కపోతే అవే దిక్కు.

బావకిప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ మాత్రమే ఉంది. అదీ అగ్రిమెంట్ సంతకాలకి, సొసైటీ, కరెంటు, ప్రాపర్టీ టాక్స్ పనులకి. అమ్మే హక్కు రాయలేదు. ఎంత దగ్గరవాళ్ళయినా మీరూ రాయకండి. ఇక్కడ కాన్సులేట్‌లో గానీ, నోటరీ, అపోస్టిల్‌తో (ఇంకో దేశంలో చెల్లేలా ఇక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) గానీ చేయించి పంపితే, ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది దీన్ని బీరువాలో పెట్టి మర్చిపోతారు.

ఇక అసలు టెన్షన్ టీడీఎస్, అంటే డబ్బు మన చేతికి రాకముందే కోసే పన్ను. ఓనర్ ఎన్నారై అయితే, అద్దెలో 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది టెనెంటు. నెలకి యాభై వేలు దాటితేనే అన్న వెసులుబాటు దేశంలో ఉండే ఓనర్లకే, మనకి లేదు. టెనెంటు, పన్ను కోసి కట్టేవాళ్ళకిచ్చే టాన్ నంబర్ తీసుకోవాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి. ఈ మాట చెప్పగానే సగం మంది ఇంకో ఫ్లాటు చూసుకుంటారు. అయినా ముందే చెప్పి అగ్రిమెంట్‌లో రాయించండి. అద్దె ఏడాదికి లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె అలవెన్సు) మీద పన్ను మినహాయింపు అడిగేవాళ్ళు మన పాన్ ఎలాగూ వాళ్ళ ఆఫీసులో ఇస్తారు. అమ్మ అకౌంట్‌లో వేయించుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, ఇల్లు ఎవరి పేరునుంటే ఆదాయం వాళ్ళదే.

ఆ కోత అంతా పోయినట్టు కాదు. కట్టిన ప్రాపర్టీ టాక్స్ తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం, రిపేర్లకి రసీదులు చూపించకుండానే తగ్గుతుంది. రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది రిఫండ్ వస్తుంది. తక్కువ కోతకి సర్టిఫికెట్ కూడా ముందే తెచ్చుకోవచ్చు. అద్దె మాత్రం ఎన్ఆర్ఓ అకౌంట్‌లోకే, అంటే ఎన్నారైలు ఇండియా ఆదాయం వేసుకునే అకౌంట్‌లోకే రానివ్వండి. చదువుకునే రోజుల్లో తెరిచిన పాత సేవింగ్స్ అకౌంట్‌ని అలాగే వాడుతున్నవాళ్ళు ముందు దాన్ని మార్పించుకోండి.

ఇక్కడి రిటర్న్‌లోనూ ఆ అద్దెని షెడ్యూల్ ఈ అనే ఫారంలో చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ ఉంటుంది. ఇంటి ఖరీదుని ఏటా కొంత చొప్పున ఆదాయంలోంచి తగ్గించే తరుగుదల లెక్క ఇక్కడి ఇంటికి ఇరవై ఏడున్నరేళ్ళయితే, ఇప్పుడు కొని అద్దెకిచ్చే ఇండియా ఇంటికి 30 ఏళ్ళు. ఇండియా అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ అకౌంట్ల వివరాలిచ్చే ఫారం, వేయాలి. రెండు నెలల అడ్వాన్స్ మీ అకౌంట్‌లోనే ఉంటే అదీ ఆ లెక్కలోకే.

ఖాళీగా ఉన్న నెలల గురించి ఎవరూ చెప్పరు. వాడకం లేకపోతే నహానీ ట్రాప్‌లో నిలిచిన నీళ్ళు ఎండిపోతాయి. దాంతో డ్రైనేజీ వాసన, దాని వెనకే బొద్దింకలు. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. మా ఫ్లాటు చూసే ఆయన అప్పుడు పదిహేను రోజులకోసారి వెళ్ళి రెండు బాత్రూముల్లో చెరో బకెట్ నీళ్ళు పోసి, ఆ వీడియో కూడా పంపిస్తాడు. నేను చూడను. మా ఆవిడ చూసి, కిటికీలు తుడవలేదని తిరిగి మెసేజ్ పెడుతుంది.