సంతాప సభకు వెళ్లొచ్చిన అమ్మాయి పీడియాట్రిక్స్ అంటోంది, మేం రేడియాలజీ అంటున్నాం

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్సీ పూర్తి చేసింది. నీట్ పీజీలో మంచి ర్యాంకు వచ్చింది, రేడియాలజీ ఖాయమని అందరూ అంటున్నారు. రెండు నెలల కిందట మా ఊళ్లో పేరున్న పిల్లల డాక్టరు గారు పోయారు. ఆయన సంతాప సభకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి పీడియాట్రిక్స్ తప్ప వేరేది చదవనంటోంది. పోయిన మనిషి మీద జాలితో ఎవరైనా కెరీర్ నిర్ణయించుకుంటారా? రేడియాలజీలో నైట్ డ్యూటీలు ఉండవు, పేషెంట్లతో గొడవ ఉండదు, ఆడపిల్లకు అదే మంచిదని మా ఉద్దేశం. రెండు బ్రాంచీలకూ తేడా ఏమిటో అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరం నాకు ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో వస్తూనే ఉంటుంది. బ్రాంచి పేరే మారుతుంది. కొన్నాళ్లు ఎముకల ఆర్థో అన్నారు, కొన్నాళ్లు చర్మవ్యాధుల డెర్మా అన్నారు, ఇప్పుడు రేడియాలజీ అంటున్నారు. కింద ఉన్న దిగులు మాత్రం ఒక్కటే. అర్ధరాత్రి పిల్ల ఒక్కతే వార్డుకు వెళ్లాలి. ఏ పసివాడి ప్రాణమో పోతే బంధువులు మీద పడతారేమో. ఎంబీబీఎస్‌లోనే చిక్కిపోయిన పిల్ల ఇంకెంత నలిగిపోతుందో. తండ్రికి ఆ దిగులు ఉండటంలో తప్పేమీ లేదు. కానీ మీరు దానికి ‘స్కోప్’ అని పేరు పెట్టి అమ్మాయి ముందు పెడుతున్నారు. నాకు భయంగా ఉందమ్మా అని చెబితే ఆమె కూర్చుని వింటుంది. పీడియాట్రిక్స్‌లో ఏముంది అంటే పోట్లాటకే వస్తుంది.

ఇక జాలి సంగతి. నా దగ్గర ఒక ఫైలుంది. పెద్ద పెద్ద స్పెషలిస్టులు పోయినప్పుడు పేపర్లో వచ్చే కథనాలు కత్తిరించి అందులో పెట్టుకుంటాను. ఏ బ్రాంచో తేల్చుకోలేక వచ్చే పిల్లలకు ముందు ఆ ఫైలే ఇచ్చి అరగంట చదవమంటాను. కటాఫ్ ర్యాంకుల పట్టికలో ఈ ఏడాది ఎవరు ఏ సీటు తీసుకున్నారో మాత్రమే తెలుస్తుంది. ఆ బ్రాంచిలో నలభై ఏళ్లు బతికితే ఎలా ఉంటుందో ఈ కాగితాల్లో తెలుస్తుంది. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసింది. దాన్ని మీరు జాలి అని కొట్టిపారేయడం నాకు బాధగా ఉంది.

మీకు ఇష్టమైన రేడియాలజీ నుంచే మొదలుపెడతాను. నా ఫైల్లో కాకర్ల సుబ్బారావు గారి కాగితం ఉంది. 2021 ఏప్రిల్ 16న, 96 ఏళ్ల వయసులో పోయారు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, 1951లో అమెరికా వెళ్లి, 1955లో అక్కడి రేడియాలజీ బోర్డు పరీక్ష పాసయ్యారు. అప్పటి రేడియాలజీ అంటే ఎక్స్‌రే, చీకటి గది, తడి ఆరని ఫిలిం. మనిషి తలకు మొదటిసారి సీటీ స్కాన్ తీసింది 1971లో, లండన్‌లో. ఎంఆర్‌ఐ ఆ తర్వాతి మాట. అంటే ఇవాళ మీరు ఏయే మెషిన్లను చూసి రేడియాలజీ అంటున్నారో, ఆయన ఆ బ్రాంచిలో చేరేనాటికి వాటిలో ఒక్కటీ లేదు. ఎముకల రేడియాలజీలో పేరు తెచ్చుకున్నారు, ఉస్మానియాలో పాఠాలు చెప్పారు, న్యూయార్క్‌లో ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. అలాంటి మనిషి 1980ల మధ్యలో ఎన్టీఆర్ పిలిస్తే అన్నీ వదులుకుని హైదరాబాద్ వచ్చి నిమ్స్ పగ్గాలు పట్టుకున్నారు. తెలుగువాళ్లు ఆయన్ని తలుచుకునేది ఆ నిమ్స్ వల్లే. మీరు చెప్పే ప్రశాంతమైన బ్రాంచి ఆయన జీవితంలో నాకెక్కడా కనిపించదు.

ఇప్పటి రేడియాలజీ మీద నాకున్న అనుమానాలు కూడా దాచుకోను. నైట్ డ్యూటీ ఉండదని మీకు ఎవరు చెప్పారో తెలియదు. తెల్లవారుజామున యాక్సిడెంట్ కేసు వస్తే తల సీటీ చూసి రిపోర్టు ఇవ్వాల్సింది రేడియాలజిస్టే, అవతల సర్జన్ ఆ రిపోర్టు కోసమే ఎదురుచూస్తుంటాడు. పేషెంట్లతో గొడవ ఉండదన్నారు. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కంటికి ఆనకపోతే, కొన్ని నెలల తర్వాత వాళ్లు అదే ఫిలిం పట్టుకుని తిరిగొస్తారు. సొంత స్కానింగ్ సెంటర్ అంటే కోట్ల అప్పు. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాలి. అందులో పొరపాటు దొర్లినా మెషిన్ సీజ్ చేయవచ్చు, కేసు పెట్టవచ్చు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపేస్తున్నారని 1994లో తెచ్చిన చట్టం అది, కఠినంగానే ఉండాలి. కానీ టెన్షన్ లేని ఉద్యోగం అనే మాటకు అక్కడే చుక్క పెట్టాలి. మేనేజ్‌మెంట్ కోటాలో ఈ సీటు కోసం పొలం అమ్మిన తండ్రులు నాకు తెలుసు. మీకు ఆ అవసరం రాలేదు, సంతోషం.

జోస్యాల సంగతి కూడా చెప్పాలి. ఏఐ రంగంలో ఎంతో పెద్ద పేరున్న జెఫ్రీ హింటన్ 2016లో, ఇక రేడియాలజిస్టులకు ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయాలి, ఆ పని యంత్రాలు చేసేస్తాయి అన్నారు. ఆ మాట విని ఆ ఏడాది రేడియాలజీ వదిలేసుకున్న పిల్లలూ ఉన్నారు. అదే సీటు ఇవాళ టాపర్ల సీటు. అంతటివాడి అంచనాయే అలా అయితే, పెళ్లి భోజనాల దగ్గర మీ బంధువులు చెప్పే అంచనా మీద పిల్ల ముప్పయ్యేళ్ల జీవితం ఎలా పెడతారండీ?

ఇప్పుడు పీడియాట్రిక్స్. ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే తీసి చేత్తో పట్టుకోండి. వెనకవైపు ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది. దాని వెనక ఒక పిల్లల డాక్టరు ఉన్నాడు. దిలీప్ మహలనబిస్, 2022 అక్టోబర్‌లో కోల్‌కతాలో 87 ఏళ్ల వయసులో పోయారు. లండన్‌లో పిల్లల ఆసుపత్రిలో రిజిస్ట్రార్‌గా చేసినవాడు, అక్కడే ఉండిపోవచ్చు. తిరిగొచ్చి కలకత్తాలో కలరా మీద పరిశోధనలో చేరాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల మంది సరిహద్దు దాటి బనగావ్ చేరారు, శిబిరాల్లో కలరా అంటుకుంది. అక్కడి ఆసుపత్రిలో కలరా రోగులకున్నవి రెండు గదులు, 16 మంచాలు. మిగతావాళ్లంతా నేల మీదే, వాంతుల్లో, విరేచనాల్లో. వాళ్లకు సెలైన్ పెట్టాలంటే డాక్టరు ఆ మురికిలోనే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ సెలైన్ కూడా అయిపోయింది.

గ్లూకోజు కలిపితే ఉప్పునీళ్లను పేగు పీల్చుకుంటుందని, కలరా రోగికి తాగించే బతికించవచ్చని ఢాకాలో, కలకత్తాలో అప్పటికే రుజువు చేశారు. కానీ అదంతా ఆసుపత్రి వార్డుల్లో, డాక్టర్లు పక్కనుండి చేసిన పని. శిబిరంలో తల్లుల చేతికి ఇచ్చి తాగించమంటే చాలామంది డాక్టర్లు నమ్మలేదు. ఆయన ఇచ్చాడు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించి, 16 లీటర్ల డ్రమ్ముల్లో కలిపించి, రోగుల వెంట వచ్చినవాళ్లనే గ్లాసులతో పట్టుకెళ్లి తాగించమన్నాడు. లీటరుకు 11 పైసల ఖర్చు. నూటికి ముప్పై మంది చనిపోతున్న చోట ఆయన పర్యవేక్షణలో మరణాలు 3.6 శాతానికి దిగాయి. ప్రభుత్వం పద్మ విభూషణ్ ఇచ్చింది 2023లో, ఆయన పోయాక. మీరు లెక్కగట్టే స్కోప్‌తో చూస్తే ఆయనది ఓడిపోయిన కెరీర్. మీ ఇంట్లో విరేచనాలు పట్టుకున్న పసివాడికి మీరు చెంచాతో పట్టింది మాత్రం ఆయన నీళ్లే.

‘ఆడపిల్లకు’ అన్నారు. అబ్బాయి అయితే ఈ మాట రాసేవారా? 2021 జనవరిలో పోయిన వి. శాంత గారికి గైనకాలజీ ఎండీ ఉంది, మద్రాసు మహిళల, పిల్లల ఆసుపత్రిలో సర్కారు ఉద్యోగం చేతిలో ఉంది. 1955లో దాన్ని కాదనుకుని, అప్పటికి 12 మంచాలే ఉన్న అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. చివరిదాకా ఆ ఆవరణలోనే గడిపారు.

పీడియాట్రిక్స్ సుఖమని నేను అనను. ఎన్ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో, నిద్రలేని రాత్రులు నిజం. పెద్దవాళ్లు నొప్పి ఎక్కడో చెబుతారు, పసివాళ్లు చెప్పలేరు. సంపాదన నెమ్మదిగా వస్తుంది, అది కూడా మొదటి పదేళ్లలో మీ రేడియాలజీ బంధువుల పిల్లలతో పోల్చుకుంటే మనసు కష్టపెడుతుంది. ఆ పసికందుల వైద్యంలోనే, అంటే నియోనేటాలజీలో డీఎం చేయాలంటే ఎండీ తర్వాత ఇంకో మూడేళ్లు. అమ్మాయికి ఇవన్నీ తెలియాలి. పేపర్లో వచ్చే నివాళుల్లో ఒక లోపం ఉంది. పుట్టిన ఊరు రాస్తారు, అవార్డులు రాస్తారు, ఇరవై ఎనిమిది నుంచి ముప్పై ఎనిమిది దాకా ఆ మనిషి ఎలా బతికాడో రాయరు. ఆ పదేళ్ల గురించి అమ్మాయి బతికున్నవాళ్లనే అడగాలి. తను హౌస్ సర్జన్సీ చేసిన ఆసుపత్రిలోనే పీడియాట్రిక్స్ పీజీ మూడో ఏడాది వాళ్లతో ఒక రాత్రి వార్డులో ఉండమనండి. మరో రోజు రేడియాలజీ రిపోర్టింగ్ గదిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చోమనండి. ఇంటికొచ్చాక ఏ రోజు గురించి ఎక్కువసేపు మాట్లాడుతుందో మీరు గమనించండి. రేడియాలజీ గురించే మాట్లాడితే అదే తీసుకోనివ్వండి, నాకు ఆ బ్రాంచి మీద కోపం లేదు. స్క్రీన్ మీద నీడల్లో రోగాన్ని పట్టుకోవడం కొందరికి ప్రాణం. అలాంటివాళ్లు చేస్తేనే రోగికి మంచిది.

నేను ఒకసారి ఒక పిల్లల డాక్టరు సంతాప సభకు వెళ్లాను. మైకు దగ్గర పెద్దలు మాట్లాడుతుంటే, వెనక వరసలో ఒకావిడ పాత టీకాల కార్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మడత దగ్గర చిరిగితే టేపు వేసింది. నెల నెలా బిడ్డ బరువు నీలం సిరాతో రాసి ఉంది, రెండు కిలోల వంద దగ్గర మొదలైంది. ఆ బిడ్డ ఆవిడ పక్కనే కూర్చున్నాడు, నాకంటే పొడుగు.

మీరు రెండు పేజీలు రాశారు. బంధువులు ఏమన్నారో ఉంది, ర్యాంకు ఎంతో ఉంది, ఎవరి అబ్బాయి రేడియాలజీలో ఎంత సంపాదిస్తున్నాడో ఉంది. ఆ సభలో మీ అమ్మాయి ఏం చూసిందో మాత్రం ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదని నాకు అర్థమైంది. ఆప్షన్లు పెట్టడానికి ఇంకా టైముంది. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఫోను పక్కన పెట్టి అడగండి, మధ్యలో అడ్డు రాకండి. ఆ తర్వాత కూడా సందేహం మిగిలితే మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.