సమాధానం: ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మతో కొండ నడక

అక్కా, వాగు, అడవి, కొండ మూడూ ఉండాలి, పాప నడవాలి, అమ్మ మోకాళ్ళకు ఇబ్బంది కాకూడదు అన్నారు కదా. అయితే తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి వద్దు. దూరం తక్కువే కానీ 2,388 మెట్లు, అమ్మకు చాలా కష్టం.

అడవిలో ఉన్న తలకోన జలపాతానికి వెళ్ళండి. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా నెరబైలు దాటి వెళ్ళాలి. సిద్ధేశ్వరస్వామి గుడి దాకా కారు పోతుంది, దర్శనం చేసుకుని అమ్మ అక్కడే నీడలో కూర్చోవచ్చు. తోడుగా ఒకరిని మాత్రం తప్పకుండా ఉంచండి. మిగతావాళ్ళు పాపతో వాగు వెంబడి జలపాతం వైపు నడవండి. దారిలో చెట్లను చుట్టుకున్న లావుపాటి అడవి తీగలు, వాటికి మూరెడు పొడవు కాయలు కనిపిస్తే పాపకు చూపించండి. పిల్లలకు అవి భలే నచ్చుతాయి!

జలపాతం ఎత్తు 270 అడుగులు. నీళ్ళు బాగా ఉండేది ఈశాన్య రుతుపవనాల వానల తర్వాతే, అంటే నవంబరు నుంచి జనవరి దాకా. పెద్దవాన పడిన మర్నాడు మాత్రం వెళ్ళకండి, వాగు పొంగుతుంది. బండలు పాచిపట్టి జారతాయి కాబట్టి పాప చెయ్యి వదలొద్దు. లోతు తెలియని గుంటల్లోకి ఎవరూ దిగొద్దు. కోతులు ఎక్కువ, తినేవి చేతిలో కనిపించనీయకండి. పొద్దున్నే బయల్దేరి, చీకటి పడేలోపు ఘాట్ దిగేయండి.