కవరు మీద సంతకం

చిరంజీవి స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకూ అల్లుడికీ అమెరికా పౌరసత్వం వచ్చిందని, ఈ నవంబరులో మొదటిసారి ఓటు వేయబోతున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. "ఇన్ని లక్షల మందిలో నా ఒక్క ఓటు ఏ మూలకు, పెద్దమ్మా?" అని ఫోనులో అడిగావు. అప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

మీరు ఇల్లు కొనుక్కున్న కింగ్ కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2004లో జరిగిన సంగతి ఇది. వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరు పదవికి డెమోక్రాట్ల తరఫున క్రిస్టీన్ గ్రెగ్వార్, రిపబ్లికన్ల తరఫున డినో రోసీ పోటీ చేశారు. పోలైనవి సుమారు 28 లక్షల ఓట్లు. మొదటి లెక్కలో రోసీకి 261 ఓట్ల ఆధిక్యం వచ్చింది. యంత్రాలతో మళ్లీ లెక్కిస్తే అది 42కు దిగింది. అప్పుడు డెమోక్రాట్లు డబ్బు కట్టి, రాష్ట్రమంతటా ఒక్కొక్క బ్యాలెట్‌నూ చేత్తో లెక్కించాలని కోరారు. ఆ మూడో లెక్కలో గ్రెగ్వార్ 129 ఓట్లతో గెలిచారు. మీ కాలనీ దీపావళి విందుకు వచ్చేవాళ్లే అంతకంటే ఎక్కువ ఉంటారు.

నువ్వు గుర్తుంచుకోవలసింది 129 అంకెను కాదు, దాని వెనక నడిచిన కథను. చేతి లెక్కింపు జరుగుతుండగా, తిరస్కరించిన ఓటర్ల జాబితా ఒకటి లారీ ఫిలిప్స్ చేతికి వచ్చింది. ఆయన కింగ్ కౌంటీ కౌన్సిల్ అధ్యక్షుడు. చూస్తే అందులో తన పేరే ఉంది! ఓటు పంపిన మాట నిజం, సంతకం చేసిన మాటా నిజం. కాకపోతే ఆయన పాత సంతకం నమూనా కంప్యూటర్‌లో కనిపించలేదు. సిబ్బంది కాగితం ఫైలు తీసి పోల్చి చూడవలసింది పోయి, కవరును పక్కన పెట్టేశారు. ఆరా తీస్తే అలా పక్కన పడినవి మొదట 573 తేలాయి, తరువాత ఆ సంఖ్య 735కు చేరింది. వాటిని పరిశీలించకూడదని రిపబ్లికన్లు కోర్టుకు వెళ్లారు. పరిశీలించవచ్చని డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి ఓటే వారాల తరబడి మూలన పడి ఉందంటే, కొత్తగా పేరు నమోదు చేసుకున్న నీలాంటి వాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించు.

అందుకే చెబుతున్నాను, అభ్యర్థి పక్కన గుర్తు పెట్టడంతో పని అయిపోయిందనుకోకు. ఇప్పుడు మీ రాష్ట్రంలో అందరికీ బ్యాలెట్ ఇంటికే వస్తుంది. నింపి, కవరులో పెట్టి, పైన సంతకం చేసి పంపాలి. ఆ సంతకాన్ని వాళ్ల దగ్గర ఉన్న నమూనాతో పోలుస్తారు. డ్రైవింగ్ లైసెన్సు కోసం చిన్న తెర మీద హడావిడిగా గీసిన సంతకమే వాళ్ల దగ్గర ఉండవచ్చు. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశావో, పొడి అక్షరాలే వేశావో లైసెన్సు తీసి చూసుకుని, అలాగే చెయ్యి. పెళ్లయ్యాక నీ సంతకం మారిందని నాకు తెలుసు కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. అల్లుడు తరచూ హైదరాబాద్ వెళ్తుంటాడు కదా. అతను ఊళ్లో లేని సమయంలో అతని బ్యాలెట్ వస్తే, "ఎవరికి వేయాలో నాకు చెప్పాడులే" అని నువ్వు సంతకం పెట్టకు. ఆ 2004 ఎన్నికను సవాలు చేస్తూ రోసీ పక్షం వేసిన కేసుపై వెనాచీ పట్టణంలో జరిగిన విచారణలో, చెల్లని ఓట్లు 1,678 పడ్డాయని న్యాయమూర్తి జాన్ బ్రిడ్జెస్ తేల్చారు. వాటిలో ఎక్కువ భాగం, నేర శిక్ష పడి ఓటు హక్కు తిరిగి రాని వాళ్లవి. చనిపోయిన వాళ్ల పేరు మీద పడినవీ కొన్ని ఉన్నాయి. కన్నుమూసిన భర్త పేరనో భార్య పేరనో బ్యాలెట్ వస్తే, వాళ్ల ఆఖరి కోరిక తీర్చాలనుకుని పంపిన వాళ్లపై కూడా కేసులు పెట్టారు. ఆ దుఃఖం నాకు అర్థమవుతుంది, కానీ చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. అల్లుడు విదేశంలో ఉన్నా బ్యాలెట్ తెప్పించుకునే దారి ఉంది, కౌంటీ ఎన్నికల కార్యాలయాన్ని ముందే అడగమను.

ఏ పార్టీకి వేయాలో నేను చెప్పను. ఆ పోటీలో రెండు వైపులా నేను గౌరవించే మనుషులు ఉన్నారు. గ్రెగ్వార్ గెలుపును ధ్రువీకరించిన, రాష్ట్ర ఎన్నికలను చూసుకునే రాష్ట్ర కార్యదర్శి సామ్ రీడ్ రిపబ్లికనే. సొంత పార్టీ వాళ్లు ఎంత కోప్పడినా చట్టం ప్రకారం చేయవలసింది చేశారు. 2005 జూన్‌లో బ్రిడ్జెస్ తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చాక రోసీ పైకోర్టుకు వెళ్లలేదు. 2008లో మళ్లీ గ్రెగ్వార్ మీదే పోటీ చేసి ఓడిపోయారు. ఏడు నెలలు పోరాడి అంత స్వల్ప తేడాతో పదవి చేజారినప్పుడు అక్కడితో ఆగడం సామాన్యమైన పని కాదు, తల్లీ.

బ్యాలెట్ మీద అండాకారపు గడిని పూర్తిగా నింపు. పేరు చుట్టూ సున్నా చుట్టకు. ఆఖరి రోజు దాకా ఆగి తపాలాలో వేయకు, ఆ రోజు ముద్ర పడకపోతే ఓటు పోతుంది. మీ గ్రంథాలయం దగ్గర బ్యాలెట్లు వేసే డ్రాప్ బాక్స్ ఉంటే అందులో వేయడం మేలు, పోలింగ్ రోజు రాత్రి 8 గంటల వరకు తెరిచి ఉంటుంది. వేసిన కొన్నాళ్లకు కౌంటీ వెబ్‌సైటులో నీ ఓటు స్థితి చూడు. సంతకం కలవలేదని ఉత్తరం వస్తే ప్రకటనల కాగితాలతో పాటు పారేయకుండా, వెంటనే సరిచేసి పంపు. ఫలితం ధ్రువీకరించే ముందు రోజు వరకు అందుకు గడువు ఉంటుంది. కవరు మీద ఫోను నంబరు రాయడానికి ఖాళీ ఇస్తారు. చాలామంది వదిలేస్తారు, నువ్వు మాత్రం రాయి. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తని అలవాటు నీకు ఉంది. పోలింగ్ తరువాత ఫలితం ధ్రువీకరించే దాకా ఉండే ఆ మూడు వారాలూ ఎత్తు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ