అద్దెల లెక్క అన్నయ్యని అడిగారా?

ప్రశ్న: చిక్కడపల్లిలో నాన్న 1988లో కొన్న 180 గజాల ఇల్లుంది. కింద రెండు షాపులు. నాన్న 2016లో, అమ్మ 2021లో పోయారు. వీలునామాలు లేవు. పైన అన్నయ్య వాళ్లుంటారు, షాపుల అద్దె ఆయనే తీసుకుంటాడు. నేను ఉప్పల్‌లో అద్దెకుంటున్నాను. అక్క వాటా కోసం కోర్టుకెక్కింది. సమన్లు వచ్చి రెండు వారాలైంది. 1994లో నాన్న అప్పు చేసి కట్నమిచ్చి ఆమె పెళ్లి చేశారు. నాన్న సంవత్సరీకం నాడు తనకేమీ వద్దని స్టాంపు కాగితం మీద సంతకం కూడా పెట్టింది. అన్నయ్య వకీలుని మాట్లాడి, వకాలత్ (వకీలుకి కేసు అప్పగించే పత్రం) మీద నన్నూ సంతకం పెట్టమంటున్నాడు. పెట్టకపోతే వదినకి కోపం. ఇంత జరిగాక అక్కతో రాఖీ కట్టించుకోవాలా, తెగతెంపులు చేసుకోవాలా?
– ఒక తమ్ముడు

జవాబు: రాఖీ కట్టించుకోండి. దానికి ఉత్తరం అక్కర్లేదు.

ఉత్తరమంతా అక్క మీదే రాశారు. అన్నయ్య అద్దె తీసుకుంటాడన్నది మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా లెక్క అడిగారా? అడిగి ఉంటే రాసేవారు. పెద్దవాడిని అడగలేక మింగిన కోపం, అడిగిన అక్క మీదకి మళ్లింది. ఆమె కోర్టుకెళ్లి అడుగుతున్నది మీరు ఇంట్లో కూర్చుని అడగాల్సిందే.

అక్క హక్కు సంగతి తొందరగా తేల్చేద్దాం. ఇల్లు నాన్న స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ మీ ముగ్గురికీ తలా నాలుగో వంతు. అమ్మ వంతు మళ్లీ మీ ముగ్గురికే వస్తుంది. అంటే ఇప్పుడు తలా మూడో వంతు. పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్న 2005కి ముందు పిత్రార్జితం విషయంలో వచ్చేది, ఇక్కడ దానికి పనిలేదు. పెళ్లి ఖర్చు వాటాలోంచి తగ్గదు. పైగా కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. ఇచ్చామని కోర్టు కాగితంలో మీ చేత్తో మీరే రాసుకుంటారా? ఇక ఆ స్టాంపు కాగితం. స్థిరాస్తిలో హక్కు వదులుకుంటే ఆ దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కావాలి. కానిది ఎంత భద్రంగా దాచుకున్నా అక్క హక్కు పోదు.

అన్నయ్య తెచ్చిన వకాలత్ మీద సంతకం పెట్టకండి. ఇద్దరికీ ఒకే వకీలంటే కోర్టులో వేసే జవాబూ ఒకటే అవుతుంది. "ఇంటిని మేమిద్దరం అనుభవిస్తున్నాం, అద్దె అమ్మ మందులకీ మరమ్మతులకీ ఖర్చయింది" అని అందులో ఉంటే, మీరు కళ్లజూడని డబ్బుకి మీరూ పూచీ పడతారు. అక్క అద్దెల్లో వాటా కూడా కోరి ఉంటే, పాత బకాయి మీ ఇద్దరి నెత్తిన పడొచ్చు. ఒకసారి ఒప్పుకుంటూ రాసిన మాటని తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

వేరే వకీలుని పెట్టుకోండి. పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాలో ప్రతివాది కూడా వాది లాంటివాడే. కాబట్టి మీ జవాబులో మీ మూడో వంతు విడదీయమనీ, అద్దెల లెక్క తేల్చమనీ అడగొచ్చు. దానికి తగ్గ కోర్టు ఫీజు కట్టాలి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. ఊరుకుంటే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీ మాట వినకుండానే కేసు నడిపిస్తారు.

తర్వాత నడిచేది నెమ్మదిగానే నడుస్తుంది. ముందు ప్రిలిమినరీ డిక్రీ (తొలి తీర్పు), అందులో ఎవరికెంత వాటా అన్నదే ఉంటుంది. ఇంట్లో ఒక్క గది కూడా చేతికి రాదు. ఆస్తిని నిజంగా పంచేది ఫైనల్ డిక్రీ. దానికి వేరే పిటిషన్ అడగకుండా కోర్టే ముందుకు నడపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు నియమించిన వకీలు, అంటే అడ్వకేట్ కమిషనర్, వచ్చి కొలతలు తీస్తాడు. 180 గజాల్లో తలా 60 అంటే మెట్లు ఎవరివి, బోరు ఎవరిది, రోడ్డువైపు షాపులు ఎవరివి? విడదీయడం కుదరదని రిపోర్టు రావడానికే అవకాశం ఎక్కువ. అప్పుడు 1893 నాటి పార్టిషన్ చట్టం ముందుకొస్తుంది. సగానికి తగ్గని వాటా ఉన్నవాళ్లు కోరితే కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. అక్క ఒక్కదానికీ అంత వాటా లేదు, మీరు కలిస్తే ఉంది. అన్నయ్యకి ఇల్లు కావాలంటే, కోర్టు కట్టిన ధరకి మీ ఇద్దరి వాటాలూ కొనుక్కుంటానని అడిగే వీలూ ఉంది. ఈ సంగతి తెలిసిన రోజున ఆయన గొంతు కాస్త తగ్గుతుంది.

ముగ్గురూ ఒప్పుకుంటే కేసు ఏ దశలో ఉన్నా, రాజీతో తేల్చే లోక్ అదాలత్‌కి పంపమని అడగొచ్చు. అక్కడి అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ లెక్కలు లేకుండా అక్కడ కూర్చుంటే మళ్లీ అన్నయ్య చెప్పిందే అంకె అవుతుంది. అందుకే ఈరోజే ఆయనకి వాట్సాప్‌లో రాయండి: "అన్నయ్యా, షాపుల అద్దె అగ్రిమెంట్లు, 2016 నుంచి అద్దె పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటిపన్ను రసీదులు పంపించు." నోటిమాటగా అడగకండి. ఆయన నిజంగా పెట్టిన పన్నులూ మరమ్మతులూ తీసేయాల్సిందే, అది న్యాయం. మిగిలింది మూడు వాటాలు.

వదిన కోపగించుకుంటుందేమో, కోపగించుకోనివ్వండి. ముందు వకీలు సంగతి చూడండి, 30 రోజుల్లో సగం అప్పుడే పోయాయి.