క్లాసిక్ చదువుతూ పగలబడి నవ్వాను, తప్పా?

ప్రశ్న: నాకు నలభై దాటాయి. బడిలో పాత సాహిత్యమంతా పరీక్ష కోసం బట్టీ పట్టిందే, దాంతో క్లాసిక్ అన్న మాట వింటేనే నిద్రొచ్చేది. మొన్న రైల్లో ఫోన్ చార్జింగ్ అయిపోయి, వేరే దారి లేక చెల్లెలి బ్యాగులోంచి డాన్ క్విక్సోట్ అనువాదం తీశాను. ఎదుటి సీటువాళ్లు తలెత్తి చూసేంత నవ్వొచ్చింది. అంత గొప్ప పుస్తకాన్ని నేనేమైనా పైపైన చదివేశానా? ఇంకో సంగతి, మొదటి భాగం మధ్యలో కథతో సంబంధం లేని ఇంకేదో కథ వస్తే దాన్ని మొత్తం దాటేశాను.

జవాబు: నవ్వినందుకు సంజాయిషీ ఎందుకండీ, ఆ పుస్తకం రాసిన సెర్వాంటిస్ అడిగిందే అది. దిగులుగా ఉన్నవాడు కూడా చదివి నవ్వాలి అని ముందుమాటలోనే ఒక మిత్రుడి నోట చెప్పిస్తాడు. 1605లో మొదటి భాగం వచ్చినప్పుడు దాని మీద క్లాసిక్ అన్న ముద్ర లేదు కదా, వీరుల కథలు చదివీ చదివీ మతి పోయిన ఒక పెద్దమనిషి మీద రాసిన వేళాకోళం, అంతే. ఆ ముద్ర తర్వాత వాళ్లు కొట్టింది, మనం దాన్ని చూసి జడుసుకుని పుస్తకం ముట్టుకోం. నేనూ చదువుకునే రోజుల్లో రెండుసార్లు మొదలుపెట్టి, చేతిలో పెన్సిల్ పట్టుకుని గీతలు గీస్తూ కూర్చుని, రెండుసార్లూ వదిలేశాను. మూడోసారి జ్వరమొచ్చి పడుకున్నప్పుడు పెన్సిల్ లేకుండా చదివితే అయింది.

అందరికీ తెలిసింది క్విక్సోట్ గాలిమరల్ని రాక్షసులనుకుని వాటి మీదికి దూకడమే, నిజానికి అది రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. నాకు అంతకన్నా ఇష్టమైనది అదే ఎనిమిదో అధ్యాయం చివర్లో ఉంది. మన వీరుడికీ, బండి వెంట వచ్చిన ఒక బాస్క్ (ఉత్తర స్పెయిన్ జాతి) సేవకుడికీ పోట్లాట. ఆ సేవకుడికి డాలు దొరక్క బండిలోంచి దిండు లాక్కుంటాడు. ఇద్దరూ కత్తులు పైకెత్తారు, బండిలోని ఆడవాళ్లు దేవుడికి మొక్కుకుంటున్నారు, సరిగ్గా అక్కడ రచయిత కథ ఆపేసి, ఇంతవరకే రాసి ఉంది, మిగతాది దొరకలేదు అంటాడు! సీరియల్‌ని మంచి పట్టులో ఆపినందుకు మనం టీవీ వాళ్లని తిట్టుకుంటాం గానీ, నాలుగు వందల ఏళ్ల కిందే ఆయన ఆ పని చేశాడు. తర్వాతి అధ్యాయంలో మిగతా కథ సంతలో పాత కాగితాలు అమ్మే కుర్రాడి దగ్గర అరబ్బీలో దొరుకుతుంది, దాన్ని అనువదించడానికి ఒకాయనకు ఎండుద్రాక్షా గోధుమలూ కూలీగా ఇస్తారు. అంతసేపూ ఆ కత్తులు గాలిలోనే ఉంటాయి.

పేజీలు దాటేసిన సంగతికొస్తే, మీరు చెప్పినదాన్ని బట్టి అది 33వ అధ్యాయం నుంచి నడిచే పిట్టకథ అయ్యుంటుంది. దాన్ని ఎందుకు ఇరికించాడు అని అప్పటివాళ్లే సణిగారు. 1615లో వచ్చిన రెండో భాగంలో పాత్రలు మొదటి భాగం గురించి మాట్లాడుకుంటూ ఆ ఫిర్యాదు కూడా చెప్పుకుంటాయి, అంటే రచయిత తన మీద తనే చాడీ చెప్పుకున్నట్టు. ఈలోగా 1614లో వేరే ఎవరో మారుపేరుతో దొంగ రెండో భాగం అచ్చేశారు. అందులో క్విక్సోట్ సరగోసా అనే ఊరు వెళ్లాడని రాస్తే, అసలు క్విక్సోట్ ఆ సంగతి విని, అయితే నేనక్కడ అడుగే పెట్టను అని బార్సెలోనా దారి పడతాడు. అక్కడిదాకా చదవండి, రైల్లో మాత్రం వద్దు.

ప్రశ్న: లావుపాటి పుస్తకాలు చూస్తేనే టెన్షన్. చిన్నది ఏదైనా చెప్తారా?

జవాబు: రష్యన్ రచయిత చెహోవ్ 1883లో రాసిన "గుమాస్తా మరణం". నాలుగైదు పేజీలే. నాటకం చూస్తూ ఒక గుమాస్తా తుమ్ముతాడు, ముందు వరసలో ఉన్న పెద్ద అధికారి బట్టతల మీద తుంపర పడుతుంది. ఆయన పర్లేదయ్యా అంటాడు. మనవాడికి మనసొప్పదు, మళ్లీ క్షమాపణ, విరామంలో మళ్లీ, మర్నాడు ఆఫీసుకి వెళ్లి మళ్లీ. బాసుకి మెసేజ్ పెట్టి, అది తప్పుగా అర్థమైందేమోనని ఇంకో మూడు పెట్టిన అనుభవం ఎవరికైనా ఉంటే ఈ కథ వాళ్లదే. ముగింపు పేరులోనే ఉంది, అయినా అది వచ్చే తీరు చూడాలి.

ప్రశ్న: మోబీ డిక్ నవలలో తిమింగలాల జాబితా దగ్గర ఆగిపోయాను. నాకు రాసిపెట్టి లేదేమో?

జవాబు: అది 32వ అధ్యాయం, చాలామంది అక్కడే మునుగుతారు. రచయిత మెల్విల్ తిమింగలాల్ని పుస్తకాల సైజుల్లా పెద్దవి, మధ్యస్థం, చిన్నవి అని విడగొడతాడు. పండితుల్ని వెక్కిరిస్తున్నాడని తెలిస్తే కాస్త తేలిగ్గా ఉంటుంది. అప్పటికీ విసుగొస్తే 33కి వెళ్లిపోండి, ఎవరూ లెక్క అడగరు. సత్రంలో ముక్కూ మొహం తెలియని హార్పూన్‌వాడితో (తిమింగలాల్ని ఈటెతో వేటాడేవాడు) ఒకే మంచం పంచుకోవాల్సొచ్చిన మూడు, నాలుగు అధ్యాయాలు మాత్రం చదివేసే ఉంటారుగా?